ఖమర్‌బీ దిద్దిన కళ్లు

ప్రొద్దుటూరులో మక్బూల్ రేకుపెట్టెలు చేసేవాడు. కొత్త పెళ్లికూతుళ్లు అత్తారింటికి తీసుకుపోయే ఆ పెట్టెల మూతల మీద గులాబీలు, చిలకలు వేసేది అతని భార్య ఖమర్‌బీ.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, దసరాకు ముందు, పుల్లమ్మ వాళ్ల అంగడికి వచ్చింది. శెట్ల ఇళ్లలో రంగు పోయిన కొలువు బొమ్మలకు మళ్లీ రంగులు దిద్దే మనిషి ఆమె. అరవై దాటింది, చూపు మసకబారింది. చీరలూ నగలూ ఇంకా వేయగలదు గానీ ముఖాలు తన వల్ల కావడం లేదు. పెట్టె మూత మీది గులాబీని వేలితో తడిమి, "ఈ గీత ఎవురిదమ్మీ?" అని అడిగింది.

"నాదే పెద్దమ్మా."

"నా కాడికి రా. కండ్లు దిద్దేది నేర్పిస్తా."

పువ్వులు వచ్చిన చేతికి ముఖాలు ఒక లెక్కా అనుకుంది ఖమర్‌బీ. మొదటి బొమ్మకే ఆ ధీమా పోయింది. కుంచె నిండా నలుపు ముంచి రెప్ప గీస్తే, అది చెంప మీదికి కారింది. ముఖానికి పూసిన రంగు ఆరకముందే పెదవి దిద్దితే, ఎరుపు గడ్డం దాకా పాకింది. ఒక కన్ను పూర్తిగా ముగించి రెండోదానికి పోయేది. రెండూ చెరో దిక్కు చూసేవి. పెద్దదైన కంటికి సరిపోవాలని చిన్నదాన్ని పెంచి, మళ్లీ మొదటిదాన్ని పెంచి, చివరకు బొమ్మ దయ్యాన్ని చూసి జడుసుకున్నట్టు తయారయ్యేది.

పుల్లమ్మ కోప్పడేది కాదు. "గులాబీకి ఒక రేకు పెద్దదైతే ఎవురూ అడగరు. మొగానికి ఆ వీలు లేదు. రెండు కండ్లూ జతగా గీసుకుంటా పో. తప్పు పోయిందా, చెయ్యి తీసెయ్. ఆరనీ. తడి మీద తుడిస్తే ఇంకా చెడతాది," అనేది.

ఆ చివరి మాటే ఖమర్‌బీ ఒకసారి మరిచిపోయింది.

బట్టల వ్యాపారి బదరీనారాయణ భార్య గౌరి తన చెక్క రాణి బొమ్మను పంపింది. జమ్మలమడుగు పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొమ్మ అది. పెళ్లప్పుడు దాన్నిచ్చిన తల్లి కొన్ని నెలల కిందటే చనిపోయింది. చెడగూడదన్న భయంతోనే ఖమర్‌బీ కుంచెను మరీ అదిమింది, కనుబొమ గీత ముక్కు మీదికి జారింది. గబగబా రంగును కరిగించే టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో తుడిచింది. నలుపు ముఖమంతా అలుక్కుంది. గట్టిగా రుద్దింది. కొత్త రంగుతో పాటు పాత రంగూ ఊడి వచ్చేసింది.

దాని కింద ఇంకో ముఖం బయటపడింది. వెలిసిపోయిన పసుపు ముఖం. ఎడమ కన్ను కాస్త పక్కకు చూస్తోంది.

ఖమర్‌బీ ఏడుస్తూ బొమ్మను పుల్లమ్మ చేతిలో పెట్టింది. పుల్లమ్మ దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి, కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఇది నా చెయ్యే మేయ్," అంది. "జమ్మలమడుగులో మాయత్త కాడ నేర్చుకునేటప్పుడు వేసిన మొగం. గౌరమ్మ పెండ్లికి దీని మీదనే మళ్లా నేనే కొత్తది వేసిస్తి."

ఇద్దరూ కలిసి గౌరి ఇంటికి పోయారు. ఖమర్‌బీ గడప దగ్గరే నిలబడి, "అక్కా, తప్పు నాదే. తడి మీద తుడిస్తి. మీయమ్మ ఇచ్చిన బొమ్మ చెడగొడ్తి," అంది.

గౌరి బొమ్మను అందుకుంది. చూస్తూ చూస్తూ అక్కడే కూర్చుండిపోయింది. చిన్నప్పుడు తాను ఆడుకున్న ముఖం అదే.

"నువ్వేం తింటాండావో రాణి ఓరగా చూస్తాందే అని మాయమ్మ నవ్వేది," అంది. "పెండ్లప్పుడు కొత్త మొగం శానా బాగుందనే అంటి. అయినా అది మా రాణి మాదిరి అనిపించల్యా. ఈ కన్ను ముట్టుకోవద్దు ఖమరూ. రంగు నిలబడేట్టు మాత్రం చెయ్."

పుల్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ కన్ను చూసి మాయత్త నాతో మాట్లాడేదే మానేసింది," అంది. గౌరికి నవ్వు వచ్చింది. చివరకు ముగ్గురూ నవ్వారు.

ఖమర్‌బీ ఆ ముఖం మీద పలచగా వార్నిష్ పూసి, చీరకు మాత్రం కొత్త రంగు వేసింది. దసరాకు గౌరి వాళ్లిద్దరినీ పిలిచి, కొలువు ముందు కూర్చోబెట్టి శనగలు, తాంబూలం ఇచ్చింది.

తర్వాత్తర్వాత ఖమర్‌బీకి చెయ్యి కుదిరింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడేనాటికి పులివెందుల నుంచి కూడా వరిగడ్డిలో చుట్టిన బొమ్మలు బస్సులో వచ్చేవి. అప్పటికి పుల్లమ్మకు చూపు పూర్తిగా పోయింది. ముగించిన ప్రతి బొమ్మనూ ఖమర్‌బీ మొదట ఆమె ఒళ్లో పెట్టి, ఎలా వచ్చిందో చెప్పేది. ఎక్కడ తప్పు పోయిందో కూడా దాచకుండా చెప్పేది. పుల్లమ్మ వింటూ బొమ్మ తల నిమిరేది.

పుల్లమ్మ పోయాక, తన పనిని ఎవరైనా మెచ్చుకుంటే ఖమర్‌బీ ఇంతే అనేది: "నేను చెడగొట్టిన బొమ్మలన్నీ ముందరేసుకోని ఆమె నా పక్కన కూచునేది. నీకు రాదులే అని ఒగ దినం గూడా అనల్యా. అట్లాంటి మనిషిని అల్లా నాకు చూపించినాడు. ఇంగేం కావాల."