మొహ్‌షరీఫ్ మంచు చీటీ

జరఫ్‌షాన్ నది ఎగువన, మా ఊళ్లో, చలిని చుట్టంలా ఎదురేగి పిలుచుకొచ్చే మనిషి ఎవరంటే, మాటలు నేర్చే పిల్లను అడిగినా మొహ్‌షరీఫ్ పేరే చెబుతుంది. అరవై దాటిన ఇల్లాలు. ఇంత ఎత్తున బంగాళాదుంప పండదని పెద్దలంతా తేల్చేసిన చేలో బస్తాలకు బస్తాలు పండించింది. నడుములోతు మంచులో కనుమ దాటి వెళ్లి, మంత్రసానిని వెంటబెట్టుకొచ్చి, ఒక తల్లినీ కవలలనూ బతికించింది. ఆమె ఇంటి మట్టి కప్పు ఏ చలికాలమూ కారి ఎరగదు. వీటన్నిటినీ మించిన ఘనత ఇంకొకటుంది. తొలి మంచు రోజున ఆమె చీటీ అందుకోని ఇల్లు ఊళ్లో లేదు, ఆమెను పరిగెత్తి పట్టుకున్నవాళ్లూ లేరు.

తొలి మంచు పడిందంటే మాకు కాలు నిలవదు. "మంచు మా తరఫు, ముచ్చట మీ తరఫు" అని రాసి, కింద కావలసింది కోరి, ఆ చీటీని ఎదుటివాడికి తెలియకుండా వాడి చేతికే చేర్చాలి. చేర్చి, చేతికి చిక్కకుండా గేటు దాటామా, కప్పెక్కామా, మనం కోరింది వాళ్లు ఇచ్చి తీరాలి. దొరికిపోతే వాళ్లు కోరింది మనం ఇచ్చుకోవాలి. ఈ మాట తప్పినవాడు మా ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

ఆమె భర్త ఖోల్‌మురోద్ దక్షిణాన పత్తి పండే మైదానంలో పుట్టినవాడు. పడుచుతనంలో లారీ తోలుకుంటూ వచ్చి, మొహ్‌షరీఫ్‌ను చూసి, ఇక్కడే ఆగిపోయాడు. మనసు ఆగింది గానీ ఒళ్లు ఆగలేదు. ఆకు పసుపు తిరిగితే చాలు, కోటు మీద కోటు తొడిగి గొణగడం మొదలు. ఈ ఏడు అతని తమ్ముడు నబీ ఫోన్ చేసి, తన పక్కిల్లు ఖాళీ అయిందని చెప్పాడు. అంతే, వసంతం రాగానే ఇల్లూ ఆవూ అమ్మేసి దిగువకు పోదామని ఖోల్‌మురోద్ పట్టుబట్టాడు.

"అక్కడ నడి చలికాలంలో కూడా సూర్యుడొచ్చి అరుగు మీద మన పక్కనే కూర్చుంటాడే!"

"వేసంకాలం నెత్తి మీద కూర్చుంటాడుగా! మీ అమ్మను చూడ్డానికి పోయినప్పుడు చూళ్లేదా నేను? దుప్పట్లు తడిపి కప్పుకుని పడుకున్నారు. చలేస్తే ఇంకో చొక్కా తొడుక్కుంటాం. ఉక్కపోస్తే ఏం చేస్తాం, తోలు ఒలుచుకుంటామా?"

"ఇక్కడేం సుఖం? పొద్దున్నే మీసం విరగకుండా దువ్వుకోవాలి!"

"నీ మీసం కోసం నా కొండ వదలాలా?"

నవ్వుతూనే అంది గానీ లోపల ఆమెకు గుబులే. ఆ ఎండలో పెరికి నాటిన మొక్కలా తను వాడిపోతుందని ఆమెకు తెలుసు. చివరికి తనే తేల్చేసింది.

"తొలి మంచుకు చీటీ నీ చేతికి చేర్చి తప్పించుకున్నానా, ఈ ఇల్లు కదలం. పట్టుకున్నావా, నా మూట నేనే కట్టుకుంటా."

"ఇప్పట్నుంచే కట్టుకో!" అన్నాడు ఖోల్‌మురోద్, మీసం తిప్పి.

మబ్బు కమ్మింది మొదలు అతను ఆమె చేతి నుంచి ఏదీ అందుకోలేదు. టీ తనే కాచుకున్నాడు. గిన్నె బోర్లించి అడుగు చూసుకుని మరీ పోసుకున్నాడు. ఒక ఉదయం మొహ్‌షరీఫ్‌కు కళ్లు తెరవకముందే మంచు వాసన తగిలింది. గుండె గంతులేసింది. వాకిట్లోకి పరుగెత్తి చూస్తే లోకమంతా తెల్లగా ఉంది! ఖోల్‌మురోద్ అప్పటికే గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, అరుగు మీద కాపలా కూర్చున్నాడు.

పక్కింటి ఓయ్‌నిసో తమ కప్పు మీద మంచు తోస్తూ కేకేసింది. "వదినా! అన్నయ్యకు ముట్టిందా?"

"ఎక్కడమ్మా! ముక్కుతాడుకు అందని గిత్తలా ఉన్నాడు మీ అన్నయ్య!"

మొహ్‌షరీఫ్ పొయ్యిలోంచి వేడివేడి రొట్టెలు తీసింది. అతనికి ఎదురుగా గుడ్డ పరిచి, రొట్టెలు పెట్టి, ఏమీ ఎరగనట్టు కట్టెల వైపు వెళ్లింది. ఆ రొట్టెల్లో ఒకటి బోర్లా ఉంది. మనసులో దేవుణ్ని క్షమాపణ అడుగుతూ తనే అలా పెట్టింది. రొట్టెను బోర్లా ఉంచడం మాలో ఎంత అపచారమో! దొంగతనానికి వచ్చినవాడైనా దాన్ని తిప్పి పెట్టిగానీ ముందుకు కదలడు.

ఖోల్‌మురోద్ కంట అది పడింది. "ఏమిటీ ఒళ్లు తెలియనితనం!" అని విసుక్కుంటూ, రొట్టెను చేతిలోకి తీసుకుని తిప్పాడు. మల్బరీ పాకంతో దాని ముఖానికి అతికించిన చీటీ అతనికేసి చూసింది.

"మంచు మా తరఫు!" అని అరిచి మొహ్‌షరీఫ్ కట్టెల పక్కనున్న నిచ్చెన మీదికి లంఘించింది.

అతను లేచాడు. లేచాడే గానీ చేతిలో రొట్టె ఉంది! విసిరేయలేడు. కళ్లకద్దుకుని, గుడ్డ మీద వెల్లకిలా పెట్టి, అప్పుడు దూకాడు. ఆలోగా ఆమె నిచ్చెన సగం ఎక్కేసింది. అతను రెండంగల్లో వాకిలి దాటి ఆమె కాలి జోడు దొరకబుచ్చుకున్నాడు. ఆమె ఒక్క తాపు తన్ని కప్పు మీదికి పాకింది. రబ్బరు జోడు మాత్రం అతని చేతిలో మిగిలింది.

"దొరికింది! దొరికింది!"

"జోడు దొరికింది అన్నయ్యా!" ఓయ్‌నిసో కడుపు పట్టుకుని నవ్వింది. "దక్షిణాదికి దాన్ని తీసుకుపో! ఓడినందుకు పులావు ఎప్పుడు పెడుతున్నావో చెప్పు, సాక్షిని నేనే!"

"చీటీ నా పెళ్లాం నాకు ఇవ్వలేదు, నేనే తీసుకున్నా!"

"తీసుకున్నావుగా మరి!" అంది ఓయ్‌నిసో.

ఖోల్‌మురోద్ జోడు చంకన పెట్టుకున్నాడు. వెనక్కి వెళ్లి రొట్టె మీది చీటీ ఊడదీశాడు. తల మీద మంచు పేరుకుంటున్నా దులుపుకోకుండా, పైకే కూడబలుక్కుంటూ చదివాడు.

"మంచు మా తరఫు. నువ్వూ మా తరఫే ఉండిపో."

కప్పు మీద మొహ్‌షరీఫ్ అంచు దాకా వచ్చి వంగి చూసింది. ఇన్నేళ్లలో ఇంత పెద్ద కోరిక ఆమె ఎవరినీ కోరలేదు. ఖోల్‌మురోద్ చీటీ మడిచి జేబులో పెట్టి, ఫోన్ తీశాడు.

"నబీ! ఆ ఇల్లు ఇంకెవరికైనా ఇప్పించెయ్యరా... కాదురా, జబ్బేం కాదు. మంచు పడింది... ఆఁ, మీ వదినే... నవ్వకురా వెధవా!"

ఫోన్ జేబులో పెట్టి తలెత్తాడు. పైన ఒంటి జోడుతో నిలబడి, రెండు చేతులూ చాచి మంచును పట్టుకుంటోంది అతని పెళ్లాం.

"దిగవే, కాలు గడ్డకడుతుంది."

"నాకేం చలి లేదు!"

"నాకుంది. దిగు, జోడు తొడుగుతాను" అంటూ అతను నిచ్చెన పట్టుకున్నాడు.