రెహానా మేడం గారి రిజిస్టరు

బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ నీడలో ఒక టీ బండి ఉంది. విజయవాడలో ఆఫీసు పని పడ్డప్పుడల్లా అక్కడ ఆగుతాను. టీ కోసమని అందరికీ చెబుతాను గానీ, అసలు ఆగేది పాల వాసన కోసం. పొంగు రాబోయే ముందు గిన్నె అంచున మీగడ ముడతలు పడి, కాస్త మాడిన కమ్మటి వాసన ఒకటి వస్తుంది. బస్సుల పొగలోంచి కూడా దారి చేసుకుని వచ్చి ముక్కుకు తగులుతుంది. మొన్న ఆ బండాయన మొదటి పొంగుకే మంట తగ్గించబోతుంటే, "ఇంకో రెండు పొంగులు రానీవయ్యా" అన్నాను. "ప్యాకెట్ పాలు సార్, ఏం కాదు" అన్నాడు. "ఏం కాదని నీకు తెలుసు, నాకు తెలుసు. నా ఒంటికి తెలియదుగా!" అన్నాను. వింతగా చూసి, పోనీలే అని మంట పెంచాడు. ఆ రెండో పొంగులో ప్రతిసారీ నాకు ఒకే మనిషి కనిపిస్తుంది. తెల్లకోటు జేబులో రెండు పెన్నులు, చేతిలో అట్ట ఊడిన రిజిస్టరు, కళ్ళలో నవ్వు, మూతి మీద మాత్రం నవ్వు లేదు. డాక్టర్ రెహానా గారు, మా పశువుల డాక్టరమ్మ.

అప్పుడూ ఇప్పుడూ నేను ఇబ్రహీంపట్నం అవతల, థర్మల్ స్టేషన్ గొట్టాలు కనిపించే మా సొంతూళ్ళోనే పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌ని. పేరు కోటేశ్వరరావు. ఊరికి మాత్రం కోతల కోటిని. ఆ పేరు ఊరికే రాలేదండీ, కష్టపడి సంపాదించుకున్నాను. ఒక గేదె పాలు ఎంత చిక్కన అంటే, తపేలాలో పడ్డ బల్లి మునగకుండా మీగడ మీద నడుచుకుంటూ అవతలి అంచుకు చేరి, కాళ్ళు దులుపుకుని గోడెక్కిందని చెప్పాను. ఇద్దరు నమ్మారు. ఇంకోసారి, కృష్ణలో ఈతకు దిగిన మా గేదె ప్రకాశం బ్యారేజీ దాకా పోయి, గేట్లు మూసి ఉండటం చూసి విసుక్కుని, సాయంత్రం పాలు పితికే వేళకు వెనక్కి వచ్చిందన్నాను. దాన్ని మాత్రం ఎవరూ నమ్మలేదు గానీ, ఎవరూ లేచి వెళ్ళనూ లేదు. నాకు కావాల్సింది అదే.

మేడం కొత్తగా వచ్చిన వారంలోనే నా ప్రతాపం వినిపించాను. అడ్డం తిరిగిన దూడను ఒక చేత్తో తిప్పి బయటికి లాగానని, రెండో చేత్తో ఫోన్లో మా ఆవిడకు కూర ఏం వండాలో చెప్పానని. మధ్యలో ఆపకుండా, టీ తాగుతూ మొత్తం విన్నారు. తర్వాత గ్లాసు కింద పెట్టి, "కథ బావుంది కోటేశ్వరరావ్. ఇప్పుడు జరిగింది చెప్పు" అన్నారు.

"జరిగింది చెబితే రెండు ముక్కల్లో అయిపోద్ది మేడం."

"ఆ రెండు ముక్కలే కావాలి. రిజిస్టర్లో ఉన్న చోటు అంతే."

అప్పట్నుంచి అదొక అలవాటైపోయింది. సాయంత్రం ఆసుపత్రి మూసే ముందు ముందుగా కథ, తర్వాత జరిగింది. కథకు పగలబడి నవ్వేవారు. జరిగిందాన్ని రాసుకునేవారు. రెండింటినీ కలపనిచ్చేవారు కాదు. నన్ను అబద్ధాలకోరని ఆవిడ ఒక్కనాడూ అనలేదు. "నువ్వు సరదాకి చెబుతావు. భయంతో చెప్పే అబద్ధం వేరు, అది మనుషుల్ని పడకేయిస్తుంది" అన్నారొకసారి. నా గురించి కాదులే అనుకున్నాను.

మా సాంబయ్య బాబాయి, అంటే మా నాన్న తమ్ముడికి గౌరి అనే గేదె ఉండేది. ఎనిమిదో నెల చూలుతో ఉండగా దూడ పడిపోయింది. మా వైపు ఈసుకుపోవడం అంటాం. దూడ పడింది గానీ మాయ పడలేదు. బాబాయి కబురు పెడితే వెళ్ళాను. సంచిలో గ్లౌజులున్నాయి. చుట్టూ మావాళ్ళే పదిమంది చూస్తున్నారు. "గ్లౌజులేసుకుంటే గేదె మనసు చేతికి తెలియదు" అని డైలాగు కొట్టి, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, ఉత్త చేత్తో మాయ తీశాను. ముందు రోజు కంచె ముళ్ళు గీరిన గాయం మోచేతి కింద పచ్చిగానే ఉంది. అందరూ భలే అన్నారు. ఆ భలే కోసం నేను మొసలి నోట్లో కూడా చెయ్యి పెట్టేవాణ్ణి.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. గేదె మాయను వరిగడ్డిలో చుట్టి, గాటు పెడితే పాలు కారే మేడిచెట్టుకు వేలాడదీస్తారు. చెట్టుకు పాలు కారినట్టు గేదెకూ ధారగా దిగుతాయని నమ్మకం. దూడ పోయినా పాలైనా మిగలాలని బాబాయి ఆశ. ఆ మూట కూడా నేనే ఎక్కి కట్టాను. దిగాక బాబాయి నన్ను పక్కకు లాగాడు. "ఒరేయ్ కోటిగా, ఈసుకుపోయిందని తెలిస్తే పాల సెంటర్లో నా పాలు ముట్టరు. సంతకు తోలినా ఎవడూ కొనడు. సుఖంగా ఈనిందని రాసెయ్. దూడ తర్వాత పోయిందని నేను చెప్పుకుంటా." రాశాను. గౌరి, సుఖప్రసవం. కింద సంతకం. అంత చిన్న కోత నేను జీవితంలో కోయలేదు.

మూడు వారాల తర్వాత మేడం మా పాల సెంటర్‌కు వచ్చారు. ఒక్కో ఇంటి పాలూ ఒక్కో చిన్న గాజు గొట్టంలో పోసి, అంకె వేసి, అందులో ముదురు నీలం మందు ఒక్కో చుక్క కలిపి, గంటసేపు గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టారు. "పశువులో బ్రూసెల్లా అనే క్రిమి ఉంటే ఈ నీలమంతా మీగడతో పాటు పైకి తేలి ఉంగరంలా కడుతుంది. లేకపోతే మీగడ తెల్లగా ఉంటుంది, కింద పాలు నీలంగా ఉంటాయి" అని గుమాస్తాకు చెబుతున్నారు. గొట్టాలన్నీ వరసగా తెల్లటోపీ పెట్టుకుని నిలబడ్డాయి. తొమ్మిదోది తప్ప. దాని మెడకు నీలం ఉంగరం. తొమ్మిది మా బాబాయి అంకె.

"సాంబయ్య గారింట్లో ఈ మధ్య ఏ గేదైనా ఈసుకుపోయిందా?" అని అడిగారు.

"లేదు మేడం. థర్మల్ స్టేషన్ సైరన్‌కు గౌరి జడుసుకుని ఒకరోజు మూడెకరాలు ఎగిరి దూకింది. అప్పట్నుంచి దాని పాలు కాస్త నీలంగానే వస్తున్నాయి" అన్నాను. గుమాస్తా పడీపడీ నవ్వాడు. మేడం నవ్వలేదు. ఇప్పుడు జరిగింది చెప్పు అని కూడా అనలేదు. రిజిస్టరు మూసేశారు. ఆ మాట అననందుకు నాకు పట్టిన దిగులు ఇంతా అంతా కాదు.

ఆ వారమే నాకు జ్వరం మొదలైంది. పొద్దున మామూలుగా ఉండేది. పొద్దు వాలేసరికి చలి, తర్వాత పక్క తడిసేంత చెమట, నడుం విరిగిపోతున్నంత నొప్పి. ఊళ్ళో ఆర్‌ఎంపీ టైఫాయిడ్ అని మందులిచ్చాడు. నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. పదో రోజు సాయంత్రం మేడం మా ఇంటికి వచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏంటి కోటేశ్వరరావ్, కథలు?"

"నా చెమటతో పక్క కాలవ నిండి రెండో పంటకు నీళ్ళొదిలారండీ" అన్నాను.

"కథ బావుంది." ఫ్యాను కిర్రుమంటోంది. "ఇప్పుడు జరిగింది చెప్పు."

రెండు ముక్కలే. గౌరి ఈసుకుపోయింది. మాయ నేను ఉత్త చేత్తో తీశాను. చెప్పాక ఇంకో ముక్క కూడా చెప్పాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున బాబాయి గౌరిని సంతకు తోలుతున్నాడు. అక్కడ కొన్నవాళ్ళకు ఏ జబ్బు కొంటున్నారో తెలియదు. మేడం తిట్టలేదు. సంచిలోంచి సిరంజి తీసి నా నెత్తురు తీసుకున్నారు. "ఆ క్రిమి గాయంలోంచి మనిషికీ ఎక్కుతుంది. రేపు లేవగలవా? ఇదే మాట మీ బాబాయి ముందు చెప్పాలి" అన్నారు.

చెప్పాను. బాబాయి వాకిట్లో ట్రాలీ ఆటో ఆగి ఉంది. గౌరి మెడకు కొత్త తాడు. ఇరుగుపొరుగంతా పోగయ్యారు. గోడకు ఆనుకుని నిలబడి, గౌరి జబ్బే నాకు అంటిందని ఉన్నదున్నట్టు చెబితే, ఒకడు ఈల వేశాడు. "కోతల కోటి కొత్త కథ!" అన్నారు. బాబాయికి కోపమొచ్చింది. "మొన్న బల్లిని నడిపించావు, ఇవాళ నా గేదెలోంచి జబ్బుని నీ ఒంట్లోకి నడిపిస్తున్నావట్రా?" అన్నాడు. బతుకంతా అబద్ధాలు నమ్మించినవాణ్ణి, ఆ ఒక్క నిజాన్ని నమ్మించలేక కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాను.

మేడం వాదించలేదు. "సాంబయ్య గారూ, సంత సాయంత్రం దాకా ఉంటుంది. నాకొక్క గంట ఇవ్వండి. పనిలో పనిగా కాస్త టీ కూడా" అన్నారు. టీ అడిగిన మనిషిని కాదనడం మా ఊళ్ళో ఎవరి వల్లా కాదు. గౌరి నెత్తురు, పక్కింటి గేదె నెత్తురు తీసి గొట్టాలు వాల్చి పెట్టారు. గడ్డకట్టి, పైన గడ్డిరంగు నీరు తేలే దాకా అందరితో కబుర్లు చెబుతూ కూర్చున్నారు. తర్వాత తెల్లటి పింగాణీ పలక తీసి, దాని మీద మూడు చుక్కలు పెట్టారు. పక్కింటి గేదెది, గౌరిది, నాది. మూడింటి పక్కనా గులాబీరంగు మందు చుక్క. పుల్లలతో కలిపి, పలక బాబాయి చేతికే ఇచ్చి, "మెల్లగా ఊపుతూ మీరే చూడండి" అన్నారు.

నాలుగు నిమిషాలు బాబాయి పలక ఊపుతూనే ఉన్నాడు. మొదటి చుక్క రోజ్‌మిల్క్‌లా నున్నగా ఉండిపోయింది. రెండోది విరిగిన పాలలా పలుకులు పలుకులైంది. మూడోదీ అంతే. గౌరి, నేను ఒకే పలక మీద ఒకేలా విరిగాం.

"పెద్ద ల్యాబుకు కూడా పంపుతాను. కానీ ఇవాళ సంత ఆపడానికి ఇది చాలు" అన్నారు మేడం.

బాబాయి పలకలోంచి తల ఎత్తలేదు. "వీడు నిజం చెప్పినప్పుడే అనుకోవాల్సింది, జబ్బు పెద్దదేనని" అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఎందుకంటే బాబాయి గొంతు మారిపోయింది. "డాక్టరమ్మగారూ, మా ఇంటిదానికి కూడా సాయంత్రాలు ఒళ్ళు కాలిపోతోందండీ. ఆ రోజు గొడ్ల చావిడి కడిగింది అదే." మేడం లేచి లోపలికి, పిన్ని దగ్గరకు వెళ్ళారు. బాబాయి తనే వెళ్ళి ట్రాలీ ఆటోను వెనక్కి పంపేశాడు.

ఇక మిగిలింది మేడిచెట్టు. నేను కట్టిన మూట ఎప్పుడో జారితే కుక్కలు లాక్కెళ్ళాయి. గడ్డితాడు మాత్రం కొమ్మకు వేలాడుతోంది. ఇకమీదట మాయ చెట్టుకు కట్టొద్దంటే పెద్దవాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. పాలు ఎగిరిపోతాయన్నారు. వేరే డాక్టరైతే మూఢనమ్మకమని ఒక ఉపన్యాసమిచ్చి వెళ్ళిపోయేవాడు. మేడం చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "చెట్టుకు ఇవ్వాల్సిందే. కానీ పైన కడితే కుక్కలు తింటున్నాయి, చెట్టుకేం దక్కుతోంది? వేళ్ళకే ఇద్దాం. నడుం లోతు గొయ్యి, పైన సున్నం, ఆ పైన మట్టి. చేతులకు గ్లౌజులు" అన్నారు. మొదటి గొయ్యి బాబాయే తవ్వాడు. ఇప్పటికీ మా ఊళ్ళో దాన్ని డాక్టరమ్మ గొయ్యి అనే అంటారు.

విజయవాడలో డాక్టరు నాకూ పిన్నికీ ఆరు వారాలు మందులు మింగించాడు. ఇద్దరం లేచి తిరిగాం. గౌరిని బాబాయి అమ్మలేదు. పొలంలో విడిగా పాక వేసి, దాని ముసలితనం దాకా మేపాడు. దాని పాలు సెంటర్‌కు పోయలేదు, ఇంకో గేదెను కొని దాని పాలే పోశాడు. మేడం ఇల్లిల్లూ తిరిగి పెయ్యదూడలకు టీకాలు వేయించారు. నురగ మీదున్న గుమ్మపాలు తాగే మొనగాళ్ళందరి చేతా మరిగించిన పాలు తాగించారు. తర్వాత ఏడాదికి సెంటర్లో మళ్ళీ గొట్టాలు నిలబెట్టిన రోజు, తొమ్మిదోది కూడా తెల్లటోపీ పెట్టుకుంది. ఆవిడ ముఖంలో ఆ రోజు చూసిన వెలుగు గురించి ఎంత పెంచి చెప్పినా అది కోత కాదు.

వాటన్నిటికన్నా నాకు గుర్తుండేది మాత్రం నేను మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు. రిజిస్టరు తెరిచి, నేను రాసిన సుఖప్రసవం దగ్గర వేలు పెట్టారు. కాగితం చింపుతానన్నాను. "వద్దు. ఒక్క గీత కొట్టు. కింద ఉన్నది చదవడానికి కనిపించాలి. పక్కన జరిగింది రాసి సంతకం పెట్టు" అన్నారు.

"తప్పు అలా కనపడాలా మేడం?"

"దిద్దుకున్నావని కూడా కనపడుతుందిగా."

మేడం రిటైరై ఇప్పుడు విజయవాడలోనే ఉంటున్నారు. నాకు జుట్టు నెరిసింది, కోతలు మాత్రం పెరిగాయి. నిన్న పక్క ఊళ్ళో ఒక గేదె ఈనింది. టీ కొట్టు దగ్గర అడిగినవాళ్ళకు చెప్పాను: అది కొమ్ములు విసిరితే, వాటినే పట్టుకుని పల్టీ కొట్టి అవతల పక్క నిలబడ్డానని. చప్పట్లు కొట్టారు. ఆసుపత్రికి వచ్చి, మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుని రిజిస్టరు తెరిచాను. ఎప్పటిలాగే పెన్ను కాగితం మీద పెట్టేముందు ఒక్క క్షణం ఆగాను. మేడం గొంతు వినిపించాక రాశాను. గేదె తన్నింది. పేడలో పడ్డాను. గ్లౌజులు తొడుక్కునే ఉన్నాను.