పిన్ని వడియాలు, నా మబ్బులు

తొంభైల్లో ఢిల్లీలో పరిశోధన వెలగబెట్టిన ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది చదువూ కాదు, ఆకాశమూ కాదు, ఎంత పోయినా చాలని నిద్ర. కటవారియా సరాయ్‌లో కిటికీ లేని గదిలో ఉండేవాణ్ణి. నక్షత్రాలు పుట్టే మేఘాల్ని సర్వే చేయడం నా పని. ఎంతో దూరాన, మన ఊహకందని చలిలో వాయుమేఘాలు తేలుతుంటాయి. వాటిలో అక్కడక్కడ చిక్కబడిన ముద్దల్లోంచే నక్షత్రాలు పుడతాయి. ఆ ముద్దలెక్కడున్నాయో జాబితా రాయాలి. వినడానికి గొప్పగానే ఉంటుంది. చేయడమంటే మాత్రం, రేడియో టెలిస్కోపు పట్టిన సంకేతాల గ్రాఫుల్ని కాగితాల మీద ఒక్కొక్కటే చూస్తూ, గీత ఎక్కడైనా ముల్లులా పైకి లేచిందేమో వెతకడం. లేస్తే పక్కన ఇంకుపెన్నుతో ‘ఉంది’ అని రాయాలి, లేవకపోతే ‘లేదు’. గ్రాఫులు వస్తున్నకొద్దీ నాలుగు నెలలు అలా రాసి రాసి, మెస్సులో పప్పు వెయ్యమంటారా అని అడిగితే ‘లేదు’ అనే స్థితికి వచ్చాను.

కంటోన్మెంటులో మా బాబాయి సుబేదారు. ఆదివారాలు వాళ్ల క్వార్టర్స్‌కి వెళ్లేవాణ్ణి (పైకి భోజనానికని, నిజానికి వాళ్ల ఫ్యాను కింద పడుకోవడానికి). పిన్ని నాది వాతావరణ శాఖలో ఉద్యోగమనుకునేది. ఒకసారి ఓపిగ్గా, మేఘంలో అమోనియా ఆనవాలు కనిపిస్తే అక్కడ ముద్ద ఉన్నట్టు లెక్క అని వివరించబోయాను. అది ముక్కులు పగిలే వాసన కదరా, అక్కడ నక్షత్రమేం పుడుతుంది అంది. ఆ తరవాత వివరించడం మానేశాను.

ఆ జూన్‌లో బాబాయికి అస్సాం బదిలీ అయింది. అక్కడ బూడిద గుమ్మడికాయ దొరుకుతుందో లేదోనని పిన్ని రెండేళ్లకు సరిపడా వడియాలు పెట్టి పట్టుకెళదామనుకుంది. ఆదివారం పొద్దున్నే, రుబ్బిన పిండి గిన్నె పట్టుకుని నన్నడిగింది.

“మబ్బుల మనిషివి, నువ్వే చెప్పు. ఇవాళ వాన పడుతుందా?”

మర్నాడు మా ప్రొఫెసరుగారికి జాబితా ఇవ్వాలి. అందులోంచి ఏరినవాటిని మళ్లీ టెలిస్కోపుతో చూడ్డానికి దరఖాస్తు పెట్టాలి. ఆ గడువు దాటితే ఏడాది పోయినట్టే. నాలో వివరించే ఓపిక లేదు. “పడదు పిన్నీ” అన్నాను, ఆకాశం వైపు చూడనైనా చూడకుండా.

మేడ మీద పాత పంచెలు పరిచి వడియాలు పెట్టింది. కాకులు రాకుండా చూడమని నన్ను కూర్చోబెట్టి వెళ్లింది. నీళ్ల ట్యాంకు నీడలో, నా కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని కాపలా కాశాను. ఎంతసేపు కాశానో తెలియదు కానీ, మెలకువ వచ్చేసరికి నోట్లో ఇసుక ఉంది. పక్కింటి పంజాబీ ఆంటీ “దీదీ, ఆంధీ ఆ గయీ” అని, దుమ్ముతుఫాను వచ్చేసిందని కేకేస్తోంది. దుమ్ముతో ఆకాశం ఎర్రబడింది. నా కాగితాలు ఒకటొకటిగా మేడంతా తిరుగుతున్నాయి. అంతలోనే పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

పిన్ని మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది. నేను సిగ్గుతో ఆవిడ వడియాల వైపు ఉరికాను. ఆవిడ వడియాల వైపు ఒక్క చూపు చూసి, నా కాగితాల వైపు ఉరికింది. మేడ మధ్యలో ఒకరినొకరు దాటుకున్నాం. నేను లాగిన పంచె మడతపడి వడియాలన్నీ మళ్లీ పిండి ముద్దయ్యాయి. ఆవిడ మాత్రం ఒక్క కాగితం కూడా పోనివ్వలేదు.

కిందికి దిగి చూసుకుంటే గ్రాఫులు నిలిచాయి గానీ నా ఇంకంతా కరిగి నీలిమరకలైంది. నాలుగు నెలల ఉందీ లేదూ వానలో కలిసిపోయాయి. నేను గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాను. బాబాయి ఇస్త్రీపెట్టె తెచ్చి, యూనిఫారానికి చేసినంత శ్రద్ధగా ఒక్కో కాగితాన్నీ ఆరబెట్టాడు. పిన్ని తడిజుట్టుతోనే నా పక్కన కూర్చుని, ఏం వెతకాలో చెప్పమంది. చెప్పాను. కాసేపటికి ఒక గ్రాఫు దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. ఇక్కడ ముల్లుందన్నాను నేను.

“ఇక్కడేం లేదురా. ఉంటే బాగుండునని చూస్తున్నావు” అంది పిన్ని.

మళ్లీ చూశాను. నిజంగానే ఏమీ లేదు. మొదటిసారి అలాంటివెన్నింటికి ‘ఉంది’ అని రాసి పారేశానో తలుచుకుంటే చెమట పట్టింది. దీపాలు పెట్టే వేళకి కాగితాలన్నీ చూడటం అయింది, జాబితా మాత్రం పాతదానిలో సగమే తేలింది. మర్నాడు ప్రొఫెసరుగారు చూసి, చిన్నదే గానీ నమ్మదగ్గదిలా ఉందన్నారు. ఆ తరవాత టెలిస్కోపు కూడా చాలావరకు ఆ మాటే అంది.

స్టేషనుకెళ్లి వాళ్లను రైలెక్కిస్తూ, వాన విషయంలో తప్పు చెప్పానని నసిగాను. నీ మాట నమ్మి పెట్టలేదులేరా అంది పిన్ని. “నాకు పెట్టాలనిపించింది. పడదని ఎవరైనా అంటే బాగుండునని నిన్నడిగాను.”

ఇప్పుడు నా విద్యార్థుల గ్రాఫుల్లో ముళ్లని కంప్యూటరే ఏరిపెడుతుంది. ఎవరైనా బల్ల మీద తల వాల్చి కనిపిస్తే, మందలించాల్సినవాణ్ణే అయినా, చప్పుడు కాకుండా తలుపు వేసి వస్తాను. ట్యాంకు నీడలో కాగితాలు ఒళ్లో పెట్టుకున్న ఆ బక్కపలచటి కాపలాదారుణ్ణి కూడా, వీలైతే, ఇంకో అరగంట పడుకోనిద్దును.