పాగా, గొడుగు, పనసకాయ

ఆ రోజుల్లో కంప్యూటరంటే గది నిండా యంత్రం, నేనంటే దానికి చిల్లుల కార్డులు మేపే కొత్త ఉద్యోగిని. అయినా ఖరగ్‌పూర్ మొత్తానికి నా అంత తెలివైనవాడు లేడని (నాకు మాత్రమే) గట్టి నమ్మకం. వాక్యంలో కామా, ఫుల్‌స్టాపు, ప్రశ్నార్థకం, వీటిలో ఏది ముందొస్తే అక్కడ ఆగే ప్రోగ్రాము రాయమన్నారు. నా ప్రోగ్రాము పద్ధతి గలది. ముందు కామా కోసం చివరిదాకా వెతికేది. దొరక్కపోతే మళ్లీ మొదటికొచ్చి ఫుల్‌స్టాపు కోసం బయల్దేరేది. "ఎదురుగా ఫుల్‌స్టాపు ఉన్నా దాటిపోతుందేం దాదా?" అని పక్క సీటు బెంగాలీ తల పట్టుకున్నాడు. క్రమశిక్షణ అన్నాను.

ఆ వారమే నాకో సంబంధం వచ్చింది. ఫోటోలో అమ్మాయిని చూసి మనసు పారేసుకున్నాను. పిల్ల తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి మెయిలు బండిలో వస్తున్నారు, ఆయన్ని నేనెన్నడూ చూడలేదు. రైల్వే వర్క్‌షాపులో డ్యూటీకి పోతూ నాన్న చెప్పాడు: "ఒరే, తెల్ల పాగా గానీ, గొడుగు గానీ, పనసకాయ గానీ, ఏదో ఒకటి కనిపిస్తే ఆయనే. ఎవులూ రానేదని తిరుగు బండెక్కేస్తే సంబంధం గోవిందా!"

మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు సంగతి తెలుసుగా, ఈ చివర టీ తాగితే ఆ చివరికి చేరేసరికి మళ్లీ టీ కావాలి. పాగాతో మొదలుపెట్టాను. తలలే చూసుకుంటూ ఆ కొసదాకా నడిచాను. లేదు. ఇక గొడుగు కోసం చెమటలు కక్కుతూ మళ్లీ మొదటికొచ్చాను. అక్కడ మొదటి బెంచీ మీద సంచి సర్దుకుంటున్న పెద్దాయన ఆపాడు.

"ఏటి బాబూ, ఇందాక నా బుర్రకేసి సూసి ఎలిపోనావు?"

"తెల్ల పాగా కోసమండి."

"జిగురు కారతందని పనసకాయకి సుట్టేసినాను. మరీ గొడుగు కనబడనేదా?"

"కనబడిందండి. దాని వంతు ఇంకా రాలేదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఫోటో తిరిగి ఇచ్చేయాలేమో అనుకున్నాను. అంతలో ఆయన పొట్ట చేత్తో పట్టుకుని ఒకటే నవ్వు. "ఒకటి ఎతికితే ఇంకోదానికేసి సూడవన్నమాట! మా అమ్మికి నువ్వే సరైనోడివి."

మర్నాడే ప్రోగ్రాము మార్చేశాను: నడక ఒక్కసారే, ఒక్కో అక్షరం దగ్గరా మూడింటినీ చూసుకోవడమే.

మామగారు పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఆ స్టేషన్లో దిగితే మొదటి బెంచీ నుంచే చూసుకుంటూ వస్తాను, పాగానో, గొడుగో, పనసకాయో, ఏ ఒక్కటి కనబడినా ఆగిపోదామని. "ఎవుల్ని ఎతుకుతన్నారేటి?" అంటుంది మా ఆవిడ, తెలిసే. ఎవర్నీ కాదంటాను. ఆవిడ నవ్వుతుంది, అచ్చం ఆయన నవ్వే.