బాయి అని కొడితే

సొంత వెబ్‌సైట్ పెట్టుకోవడం గొప్పగా ఉన్న రోజుల్లో నేనూ ఒకటి పెట్టాను. ఎల్బీనగర్ దగ్గర మా కాలనీ ఎనభైల్లో ఎలా పుట్టిందో అందులో రాసుకుంటూ పోయాను. జొన్నచేలల్లో పాతిన హద్దురాళ్ళు, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి ఇంటిదాకా తొక్కిన బురద, నీళ్ళ ట్యాంకర్ దగ్గర మా అమ్మ పెట్టుకున్న తగవులు. అలా అలా నలభై పేజీలయ్యాయి. ఏది ఎక్కడ రాశానో నాకే గుర్తులేకుండా పోయింది.

అప్పుడు కంటబడింది, మన సైట్‌లో వెతికిపెట్టే సెర్చ్ ఇంజిన్, పూర్తిగా ఉచితం అని. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం నేను. ఈమెయిల్ ఇచ్చాను, వాళ్ళు పంపిన నాలుగు లైన్ల కోడ్ మొదటి పేజీలో అతికించాను. వాళ్ళ యంత్రం వచ్చి నా పేజీలన్నీ చదువుకుని పోయింది. వారానికోసారి మళ్ళీ వచ్చి చదువుతుందట.

దాని వెంట వచ్చిన ప్రకటనలు చూస్తే రోత పుట్టింది. "అమ్మ" అని కొడితే ముందు చీరల దుకాణం, తర్వాతే మా అమ్మ. "ఇల్లు" అని కొడితే ఓపెన్ ప్లాట్లు, లోన్ కూడా వాళ్ళే ఇప్పిస్తారట. నా ఇంటి అరుగు మీద ఎవడో దుకాణం పెట్టి, నన్నే పక్కకు జరగమన్నట్టుంది. ఛీ అనుకున్నాను. అయినా తీసెయ్యలేదు, ఉచితం కదా.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవాడు. కాలనీలో సగం ఒకప్పుడు ఆయన పొలమే. కోస్తా నుంచి వచ్చి స్థలం కొన్న మా నాన్నకు స్నేహితుడు, నాకు మామయ్య. ఒక సాయంత్రం టీకి వచ్చి, వెబ్‌సైట్ సంగతి విని అడిగాడు.

"మీ ఇల్లున్న జాగల మా అయ్య తవ్విచ్చిన బాయి ఉండె. ఆడ బాయి ఉండెనంటే మా పిల్లలే నమ్ముతలేరు. ఏడనన్న రాసి ఉంటె జర సూపియ్యి బిడ్డా."

రాయకపోవడమా! పూడ్చిన బావి మీద కట్టిన ఇల్లనీ, వానాకాలం వస్తే హాల్లో నేల కుంగేదనీ ఎన్నిసార్లు రాశానో. ఆయనకు కంప్యూటర్ ముందు కుర్చీ వేశాను.

"మీరు నోటితో చెప్పండి మామయ్యా, చెప్పింది చెప్పినట్టు కొడతాను. క్షణంలో చూపిస్తుంది."

"బాయి," అన్నాడు.

కొట్టాను. ఈ మాట ఈ సైట్‌లో లేదు, అని వచ్చింది. ఏమీ దొరక్కపోయినా ప్రకటన మాత్రం దిగబడింది, ఓపెన్ ప్లాట్లు అంటూ. ఆయన కళ్ళజోడు సర్దుకుని అది కూడబలుక్కుని చదివాడు.

"గిది మాత్రం దొరికిందా," అన్నాడు.

ఒళ్ళు మండి సెర్చ్ ఇంజిన్‌ని తిట్టబోయి ఆగిపోయాను. అది సరిగ్గానే వెతికింది. నలభై పేజీల్లో ఎక్కడా బాయి లేదు, అన్నీ బావులే. ఆయన అన్న మాటల్ని కూడా "ఎందుకండీ", "అలాగేనండీ" అని మా ఇంటి భాషలోకి దిద్దేశాను, చదవడానికి బాగుంటుందని. తల కొట్టేసినట్టయింది. ఇంతసేపూ ప్రకటనల మీద పుట్టిన రోత నా మీదికి తిరిగింది.

"ఉంది మామయ్యా, నేనే బావి అని రాశాను."

"పోనియ్ బిడ్డా. ప్లాట్లు జేసిన నాడు గీసిన నక్షల గూడ మా బాయి లేకుండె. లేకుంటె మరి పూడుస్తున్నదేంది అనడిగితె నవ్విన్రు."

మర్నాడు కూర్చుని, ఒక్కో పేజీ తెరిచి, బావులన్నిటినీ బాయిలు చేశాను. వారం ఆగి ఆయన్ను పిలిచాను. బాయి అని కొడితే ఈసారి వరసగా దొరికాయి. పైన ప్లాట్ల ప్రకటన అలాగే ఉంది. దాన్ని దాటి, మొదటిది గట్టిగా చదివి వినిపించాను.

"ఒక పాత బాయిని పూడ్చి మా ఇల్లు కట్టారు."

ఆయన తెర మీద ఆ వాక్యం కింద వేలు పెట్టాడు.

"ఎవరి బాయో రాయలేదా బిడ్డా?"

ఆ మాటకు వెతకాల్సిన పని లేదు. నలభై పేజీల్లో ఎక్కడా రాయలేదని నాకు తెలుసు.