మూత లేని మిషను

పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే బంధువుల గ్రూపులో ఒక ఫోటో కనబడింది. కొత్తపేటలో ఏదో కల్యాణ మండపంలో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లకి భద్రతా శిక్షణట. వేదిక మీద మైకు పట్టుకుని, భుజాల మీద శాలువాతో పాఠం చెబుతున్నది మా పిన్ని కొడుకు, నాకు వరసకి తమ్ముడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

నా వయసు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో మన కోనసీమలో టెన్త్ పాసైన ఆడపిల్లకి జీతం వచ్చే పని దొరకడమంటే మాటలు కాదు. మా అమ్మానాన్నలు కూలికి వెళ్తూనే నన్ను చర్చి బడిలో చదివించారు, కొబ్బరి పీచు మిల్లులో ఆడవాళ్ల మీద సూపర్‌వైజరుగా తీసుకున్నప్పుడు పాస్టరుగారి చేత ప్రార్థన కూడా చేయించారు. అదే మిల్లులో నా కింద మా పిన్ని పనిచేసేది. వెటకారానికి పెట్టింది పేరు, ఇంట్లో ఏమే అని పిలిచేది, మిల్లులో మాత్రం మేడమ్ గారండీ అంటూ నలుగురినీ నవ్వించేది.

తడి డొక్కల్ని, అంటే నానబెట్టిన కొబ్బరికాయ పైతొక్కల్ని, మిషను నోట్లోకి తోస్తే లోపల మేకుల డ్రమ్ము గిర్రున తిరిగి పీచు చీల్చేది. చేతులు లోపలికి పోకుండా పైన ఇనుప మూత ఉండేది. దసరా ఆయుధపూజకి ఆ మూత ఊడదీసి మేకులకి పసుపూ కుంకుమా పెట్టేవారు. క్రైస్తవులం కనుక మేము ఓ పక్కన నిలబడి, పూజయ్యాక అరటిపళ్లు మాత్రం పుచ్చుకునేవాళ్లం. ఒక ఏడు పూజ అయ్యాక మూత మళ్లీ బిగించలేదు. మూత లేకపోతే డొక్క ఎక్కడా పట్టెయ్యకుండా చకచకా వెళ్తోందని యజమానిగారు ముచ్చటపడ్డారు. డొక్కల లెక్కన కూలి కాబట్టి ఆడవాళ్లూ ముచ్చటపడ్డారు. బొట్టు పెట్టించుకున్న మిషను మనల్నేం చేస్తుందిలే అని కూడా అనుకున్నారు.

ఆ దసరా వెళ్లిన కొద్దిరోజులకే నన్ను సూపర్‌వైజర్ల శిక్షణకి పంపారు. రాజమండ్రి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, మూత లేకుండా మిషను తిరుగుతుంటే ఎవరినీ అడగక్కర్లేదు, ఆపెయ్యండి, ఆ హక్కు మీదే అని చెప్పారు. ఆ మాట నాకు ఎంత గొప్పగా అనిపించిందో! మర్నాడు పొద్దున్నే వెళ్లి స్విచ్చి కట్టేశాను. ముందు తిరగబడింది మా పిన్నే. “మా కూలి నువ్విస్తావేంటే, మేడమ్ గారూ?” అంది.

యజమానిగారు గొంతు పెంచలేదు. మన గోదావరి వాళ్ల మర్యాదే వేరు, మెడ పట్టి గెంటినా అండీ అనే గెంటుతారు. కుర్చీ వేయించి, కొబ్బరి బొండాం కొట్టించి, “బాగా అలిసిపోయేరమ్మా. కొన్నాళ్లు ఇంటికాడ రెస్టు తీసుకోండి. కబురెట్టేత్తానండి, ఆయ్!” అన్నారు. వెర్రిదాన్ని, బొండాం తాగి ఇంటికొచ్చి కబురు కోసం ఎదురు చూశాను. నేను గేటు దాటకముందే మిషను మళ్లీ మొదలైంది.

నా కుర్చీలోకి పిన్ని కొడుకు వచ్చాడు. వాడూ శిక్షణకి వెళ్లాడు, ఆ పెద్దాయన చెప్పిన ఆ మాటే విని వచ్చాడు. మూత మాత్రం గోడకి ఆనించి తుప్పు పట్టింది. వర్షాకాలంలో ఒకరోజు, కన్నకొడుకు ఎదురుగా నిలబడి చూస్తుండగానే పిన్ని కుడిచెయ్యి మణికట్టు దాకా ఆ మిషనులోకి వెళ్లిపోయింది. అమలాపురం ఆసుపత్రిలో యజమానిగారు పళ్లు తెచ్చి, చాలా మర్యాదగా మాట్లాడి వెళ్లారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు నేను తమ్ముడితో మాట్లాడలేదు. పిన్ని మంచాన పడ్డాక ఒకసారి వెళ్లి అన్నం కలిపి పెడుతూ, అన్నీ తెలిసి కూడా వాడు ఎందుకు ఆపలేదని నిలదీశాను. పిన్ని ముద్ద మింగి నెమ్మదిగా అంది. “ఆణ్ణెందుకే తిడతావు? నిన్ను తీసేసినప్పుడే అందరికీ తెలిసిపోయింది కదమ్మా, ఆపితే ఏమవుద్దో.”

పెద్దాయన చెప్పిందంతా ఒక ఎత్తు, ఉద్యోగం పోగొట్టుకుని నేను గేటు దాటడం ఒక ఎత్తు. ఆ మిల్లులో అందరూ నేర్చుకున్నది నన్ను చూసే. పిన్ని చెయ్యి కాపాడాలనే ఆ రోజు మిషను ఆపాను. అందుకే ఆ తర్వాత ఎవరూ ఆపలేదు.

మన వయసు వాళ్లు ఆ రోజులే బాగుండేవంటారు. నేననను. ఇప్పుడు తమిళనాడు నుంచి వచ్చే కొత్త మిషన్లకి మూతలు బిగించే ఉంటున్నాయి, పిల్లలకి బూట్లూ గ్లౌజులూ ఇస్తున్నారు, ఏడాదికోసారి మా తమ్ముడిలాంటి వాళ్ల చేత శిక్షణలూ ఇప్పిస్తున్నారు. సంతోషమే. మిషను ఆపిన మనిషికి మర్నాడు కూడా పని ఉంటుందని మాత్రం ఏ యజమానీ చెప్పగా నేనింకా వినలేదు.