సోడాబుడ్డి మేస్త్రీ కొత్త కళ్లు

రొట్టెల ఫ్యాక్టరీలో బట్టీ మేస్త్రీకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండేదట గాని, అది హాజరు పట్టీ దాటి బయటికొచ్చిన దాఖలా లేదు. అందరికీ ఆయన సోడాబుడ్డి మేస్త్రీ. ఆ కళ్లజోడు అలాంటిది మరి. బల్ల మీద పెడితే బల్ల ఒక పక్కకి ఒరిగేదనీ, అద్దం మీద వాలిన ఈగ ఈ అంచు నుంచి ఆ అంచుకి నడిచేసరికి దానికి ముసలితనం వచ్చేసేదనీ చెప్పుకునేవారు. ఈగ సంగతి కాస్త ఎక్కువ చెప్పారేమో గాని, బల్ల సంగతి మాత్రం నిజం.

ఇంట్లో, వీధిలో ఆ కళ్లజోడుతో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా బట్టీ దగ్గరే. ఇనప తలుపు తెరవగానే ఆవిరి మొహాన కొట్టేది, అద్దాలు రెండూ తెల్లగా మూసుకుపోయేవి. తుడుచుకునే లోపు రొట్టె మాడుతుంది. కళ్లజోడు తీసేస్తే మూరెడు దూరంలో ఉన్నది రొట్టో దిండో తెలీదు. అందుకని పద్దెనిమిదేళ్లుగా ఒకటే పద్ధతి. మేస్త్రీ తలుపు తీసి, పొడుగాటి చెక్క తెడ్డు పట్టుకుని, "రంగొచ్చిందా?" అని కేక పెడతాడు. ప్యాకింగ్ బల్ల దగ్గర నుంచి ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు, పరిగెత్తుకొచ్చి పక్కన నిలబడతాడు.

"ఇంకా పాలే, బావా" అంటే తలుపు మూసేయాలి. "వేరుశనగ" అంటే రెండు నిమిషాలు ఆగాలి. "పాకం! లాగు, లాగు!" అంటే ఇక ఊపిరి కూడా తీసుకోకూడదు. ఇన్నేళ్లలో ఆ బట్టీలో ఒక్క రొట్టె మాడలేదు.

బావమరిది గురించి ఇంకో మాట. ఒక కాలికి ఎర్ర మేజోడు, రెండో కాలికి ఆకుపచ్చ మేజోడు వేసుకుని తిరిగేవాడు. అడిగితే "ఫ్యాషను" అనేవాడు. "చిన్నప్పటి నుంచీ మావాడికి అదో షోకు" అని వాళ్లక్క కూడా సరిపెట్టుకుంది.

ఇలా నడుస్తున్న బండికి ఒక స్క్రూ అడ్డం పడింది. మేస్త్రీ కళ్లజోడులోంచి ఊడి పిండిలో పడ్డ స్క్రూ, రొట్టెతో పాటు ఊరు తిరిగి, ఒక పెద్దమనిషి పన్ను కింద తేలింది. మర్నాడు కొత్త మేనేజరమ్మ మేస్త్రీని పిలిపించింది.

"మేస్త్రీ గారూ, ఇకమీదట బట్టీ గదిలోకి కళ్లజోళ్లు రాకూడదు. మీకు రెండు నెలలు టైమిస్తున్నాను. కళ్లజోడు లేకుండా, పక్కన ఇంకొకరు చెప్పకుండా, మీరే చూసుకుని రొట్టె తీయగలిగితే బట్టీ మీదే. లేదంటే ప్యాకింగ్‌లో కూర్చోండి. జీతం తగ్గించను."

జీతం తగ్గకపోవచ్చు. కానీ ఆ బట్టీ ముందు నుంచి తీసేస్తే తనలో మిగిలేదేమిటో మేస్త్రీకి అంతుపట్టలేదు. కంట్లో పెట్టుకునే లెన్సులు ప్రయత్నిస్తే పిండి ధూళికి కళ్లు రెండూ మిరపపళ్లయ్యాయి. చివరికి లేజర్ ఆపరేషన్ ఒక్కటే దారి అని తేలింది. కంటి పొర మందం చాలదంటే ఆ దారి కూడా మూసుకుపోయేదే. డాక్టరు గారు రెండు సార్లు కొలిచి, "బొటాబొటిగా సరిపోతుందండీ" అన్నారు. మేస్త్రీ ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు.

ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక కంట్లో మందు చుక్కలు వేశారు. నొప్పి మాయమైంది గాని భయం ఎక్కడికీ పోలేదు. రెప్ప మూతపడకుండా చిన్న క్లిప్పు పెట్టి, "ఆ పచ్చ దీపాన్నే చూడండి, కదలకండి" అన్నారు. నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. యంత్రం టకటకా కొట్టుకోవడం మొదలైంది. పచ్చ దీపం చెదిరి గుప్పెడు చుక్కలైంది. ఇంతలో వెంట్రుక కాలిన వాసన ముక్కుకి తగిలిందో లేదో, మేస్త్రీ తనెక్కడున్నాడో మర్చిపోయాడు.

"మాడుతోంది! తీసెయ్యండి, తీసెయ్యండి!"

"మాడట్లేదు మేస్త్రీ గారూ, ఇంకో ఎనిమిది సెకన్లు. మీ రొట్టె నేను జాగ్రత్తగానే కాలుస్తున్నాను" అన్నారు డాక్టరు గారు నవ్వాపుకుంటూ.

ఆ మొదటి రోజంతా కళ్లల్లో ఇసుక పోసినట్టుంది. నీళ్లు ధారలు కట్టాయి. కళ్ల మీద గాజులా తేటగా ఉండే ప్లాస్టిక్ మూతలు అంటించి చీకటి గదిలో పడుకోబెట్టారు. నాలుగు గంటలకోసారి భార్య చుక్కలు వేసేది. నలపకూడదు, మొహాన నీళ్లు పోసుకోకూడదు, రెండు వారాలు బట్టీ దరిదాపులకి పోకూడదు. చెయ్యి కంటి వైపు లేస్తే చాలు, ఆవిడ గరిటె లేచేది.

మర్నాడు పొద్దున్నే లేచి అలవాటుగా కళ్లజోడు కోసం పక్కన తడుముకుంటూ ఆగిపోయాడు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు నడుస్తోంది. కిటికీ చువ్వ మీద తుప్పు. పక్కన భార్య.

"రోజూ ఇలాగే మొహం ముడుచుకుని నిద్రపోతావా?"

"రోజూ ఇలాగే. ఇన్నాళ్లూ పొద్దున్నే మీకు కనపడక బతికిపోయాను" అందావిడ కళ్లు తెరవకుండానే. ఆయన చాలాసేపు ఆ ముడతలనే చూస్తూ ఉండిపోయాడు.

రెండు వారాలూ బావమరిదే బట్టీ చూశాడు. ఒక్క రొట్టె మాడలేదు. ఆ తర్వాత పరీక్ష రోజు వచ్చింది.

మేనేజరమ్మ కాగితం పట్టుకుని పక్కన నిలబడింది. బావమరిదిని పది అడుగుల అవతల ప్యాకింగ్ బల్ల దగ్గరే ఉండమని, నోరు విప్పొద్దని చెప్పింది. మేస్త్రీ తలుపు తీశాడు. ఆవిరి వచ్చింది, పోయింది. పద్దెనిమిదేళ్లలో మొట్టమొదటిసారి తన రొట్టెలు తన బట్టీలో, ఒక్కొక్కటీ, పై పగుళ్లతో సహా కనిపించాయి. కానీ ఏం లాభం? లోపలి పసుపు దీపం కింద అన్నీ బంగారంలానే ఉన్నాయి! వేగిందేదో వేగనిదేదో ఆయన కళ్లకి ఎవరు నేర్పారు గనక?

ఏమీ తోచక బావమరిది వైపు తిరిగాడు. ఇన్నేళ్లూ ఆ క్షణంలో ఆ మొహాన్ని ఆయన చూసిందే లేదు, అద్దాల నిండా ఆవిరే కదా. ఇప్పుడు స్పష్టంగా కనిపించింది. కళ్లు రెండూ గట్టిగా మూసుకుని, మెడ చాచి, ముక్కు పైకెత్తి నిలబడి ఉన్నాడు.

మేస్త్రీకి సంగతి అర్థమైంది. తలుపు మూసేశాడు. కాసేపాగి మళ్లీ తెరిచి, ఎంతో కష్టపడి తెచ్చుకున్న కొత్త కళ్లని తనూ మూసుకున్నాడు. పాలు. ఇంకాసేపటికి వేరుశనగలు వేపుతున్న కమ్మదనం. మరో రెండు నిమిషాలకి అంచున తీపి, ఆ తీపి వెనకాల సన్నగా, ఆపరేషన్ బల్ల మీద తగిలిన మాడు వాసనకి చెల్లెల్లాంటిది. తెడ్డు దూసి లాగాడు.

మేనేజరమ్మ ఒక రొట్టె విరిచి చూసి కాగితం మీద టిక్కు పెట్టింది. "అంతా బాగుంది గాని, కళ్లు మూసుకున్నారేమిటండీ?"

"కొత్తవి కదమ్మా, మధ్య మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి."

ఆవిడ వెళ్లగానే మేస్త్రీ వెళ్లి బావమరిది జబ్బ పట్టుకున్నాడు. "ఒరేయ్, నిజం చెప్పు."

"నాకు రంగులు తెలియవు బావా. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ... అన్నీ ఒకటే బురద. మొదటి రోజు నువ్వు 'రంగొచ్చిందా' అని అరిచావు. తెలీదంటే పని పోతుందని వాసన చూసి చెప్పాను. అది సరిపోయింది. ఇక ఎక్కడ ఆపను?"

"మరి ఆ మేజోళ్లు?"

"జత కుదరక."

మేస్త్రీ నవ్వడం మొదలుపెట్టాడు, ఆ నవ్వులోనే కళ్లు నిండాయి. కళ్లు నలపకూడదు గనక నీళ్లని అలాగే కారనిచ్చాడు.

ఆ రోజు మొదటి రొట్టె డాక్టరు గారికి, రెండోది నర్సమ్మకి వెళ్లాయి. ఆదివారం పొద్దున మేస్త్రీ బావమరిది ఇంటి మెట్ల మీద ఎండలో కూర్చుని, మేజోళ్ల సంచీ ఒళ్లో బోర్లించుకుని, ఎరుపుని ఎరుపుతో, ఆకుపచ్చని ఆకుపచ్చతో ముడివేస్తూ కనిపించాడు.

"లోపలికి రా బావా, అవి నేను చూసుకుంటాలే."

"నువ్వు చూసింది చాలు గాని కూర్చో" అని మేస్త్రీ ఇంకో జత ముడివేశాడు.